లేని బండికి పైపు

ఆ ఏడు శివరాత్రి నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. వనపర్తిలో ఒక పల్లికాయ దుకాణం. రెండు వందల గజాల ప్లాటు, అందులో కిటికీల ఎత్తు దాకా లేచిన గోడలు. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల గింజ మోతను బట్టి అది ఎంత ఆరిందో చెప్పగల చెవి. ఇరవై రెండేళ్లుగా నా దుకాణానికీ గోదాముకూ కరెంటు పని చేస్తున్న ఖాజా మియా. మార్కెట్లో ఎవరూ తిరగేసి అడగని మాట. వీటన్నిటి పక్కన ఒక సడ్డకుడు.

సడ్డకుడంటే నా భార్య స్వరూప చెల్లెలు గీతకు భర్త. పేరు ప్రేమ్ కుమార్. వీపనగండ్ల హైస్కూల్లో సైన్సు మాస్టరు. మా అత్త ఈరమ్మ ఎప్పుడో కొని పెట్టిన నాలుగు వందల గజాలను ఇద్దరు బిడ్డలకూ చెరిసగం రాసిచ్చింది. తూర్పు సగం మాది, పడమటి సగం వాళ్లది. నడుమ గోడ ఒకటే. ఒకే మేస్త్రీ, ఒకే కరెంటు మనిషి, రెండిళ్లూ ఒకే సీజన్లో లేవాలి. అది అత్త పెట్టిన షరతు.

పెద్దల్లుడిగా పదకొండేళ్లు ఆ కుటుంబంలో నా మాటకు తూకం ఉంది. ఏ విత్తనం కొనాలో, బోరు ఎక్కడ వేయాలో అత్త నన్నే అడిగేది. ప్రేమ్ కుమార్ వచ్చాక "చిన్నల్లుని గూడ ఒక మాట అడుగు" అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు అది "చిన్నల్లుడు ఏమన్నడు?" అయింది. నేను లెక్క తెలిసినవాణ్ని. సరుకు ఎటు జారుతోందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మార్చి మొదటి వారంలో ఒక ఉదయం ప్రేమ్ కుమార్ సిమెంటు బస్తాల మీద ఒక పెద్ద కాగితం పరిచాడు. వాళ్లింటి వైరింగ్ ప్లాను. తనే గీసుకున్నాడు. లైట్లకు పసుపు గీతలు, ఫ్యాన్లకు నీలం. ఖాజా మియా కళ్లజోడు పైకి నెట్టుకుని వంగి చూస్తున్నాడు. నేను గోడ అవతలి నుంచి వచ్చి నిలబడ్డాను. ఇంటి వెనక మూల నుంచి ముందు మూల దాకా ఒక పొడవాటి ఎర్రగీత ఉంది.

"ఇదేంది తమ్మి, ఎర్రది?"

"రేపు కారు కొంటే అన్న, కరెంటు కారు. మీటరేమో అత్తమ్మ ఆగ్నేయంలనే పెట్టాలన్నది. బండి నిలిపేది ఎదురుమూలకు, వాయవ్యంల. ఇప్పుడే నేల కింద పైపు ఏసి పెట్టుకుంటే, అప్పుడు బండలు పగలగొట్టే పని ఉండదు."

"కారు యాడున్నది?"

"లేదు."

"ఎప్పుడు కొంటవ్?"

"ఐదేండ్లకో, ఏడేండ్లకో. కొనకపోవచ్చు గూడ."

"మరి గీ పైపుల ఏ వైరు ఏస్తవ్?"

"ఇప్పుడు ఏం వద్దన్న. అప్పటికి ఎంత లావుది కావాల్నో ఇప్పుడెట్ల తెలుస్తది? ఇంచున్నర పైపు, దాంట్ల ఒక నైలాన్ దారం. గంతే. కారొచ్చిననాడు దారానికి వైరు కట్టి గుంజుకోవచ్చు."

నేను నవ్వాను. "గాలికి పైపు ఏస్తున్నవన్నట్టు."

ప్రేమ్ కుమార్ కూడా నవ్వాడు. అతను దేనికైనా నవ్వుతాడు, అదొకటి. ఖాజా మియా మాత్రం నవ్వలేదు.

"సార్ మంచిగ చెప్తుండు సేటు," అన్నాడు. "బోర్డుల గూడ ఒక స్విచ్చు ఖానా ఖాళీ పెట్టమన్నడు. నలభై ఏండ్లయింది నేను గీ పనిల దిగి. లేని బండికి పైపు ఏయమన్నోడు గీయననే మొదటోడు."

ఇరవై రెండేళ్లలో ఖాజా మియా నన్ను దేంట్లోనూ మొదటోడు అనలేదు. గోదాములో ఎలుకలు వైర్లు కొరకకుండా ఇనుప పైపులు వేయించిననాడు కూడా అనలేదు. ఆ మాట తీసుకుని నేను గోడ ఇవతలికి వచ్చాను.

వారం తిరక్కుండా ఆ పైపు సంగతి వీపనగండ్ల దాకా పోయింది. అత్తే మోసింది. సంతలో, బస్సులో, రేషన్ దుకాణం వరసలో. "బండి రాకముందే బాట ఏసిండు నా చిన్నల్లుడు." ఏప్రిల్ సగంలో నా దుకాణానికి కాయ తెచ్చిన రైతు ఒకతను కాటా మీద బస్తా పెట్టకముందే అడిగాడు. "సేటు, మీ సడ్డకుని ఇంట్ల భూమిల కారుకు బాట ఉన్నదట గద?"

"ఉన్నది," అన్నాను. "కారే లేదు."

అతను దాన్ని పట్టించుకోలేదు. "అదే గద ముందుసూపంటే," అన్నాడు.

అప్పటికే మా గోడల్లో పైపులు వేసి పూత కూడా అయిపోయింది. కారు నిలిపే చోటికి ఒక ముప్పావించు పైపు మాత్రం పోయింది, లైటుకూ ఒక ప్లగ్గుకూ. ఇంకో పైపు వేద్దామంటే ప్రేమ్ కుమార్‌ను చూసి వేసినట్టవుతుంది. వేయకపోతే అతను ముందున్నట్టే. రెండు రోజులు ఆలోచించి బజారుకు పోయి, పది ఎం.ఎం. రాగి వైరు ఒక చుట్ట తెచ్చాను. దుకాణంలో అంతకన్నా లావుది లేదు.

ఖాజా మియా దాన్ని చేత్తో వంచి చూశాడు. వంగలేదు.

"ఇదెందుకు సేటు?"

"కారుకు. గా ముప్పావించు పైపుల గుంజు."

"గీ పైపులనా? మిల్లు నడుపుతవా ఏంది ఇంట్ల?"

"వాళ్లది ఖాళీ పైపు. మనది వైరుతోని సహా తయారుండాలె."

ఖాజా మియా వైరు కింద పెట్టి బీడీ తీశాడు. వెలిగించలేదు. "సేటు, జర ఇను. కారుకు మూడు వైర్లు గావాలె. రెండు కరెంటువి, ఒకటి ఎర్తుది. దీంట్ల రెండు వడ్తెనే ఎక్కువ. మూడోది పోదు."

"ఎర్తుకు లైటుది సన్నది పోయింది గద?"

"అది లైటుకే సాలుతది."

"రెండు పడనియ్యి ఖాజా భాయ్. తర్వాత జూద్దాం."

"తర్వాత జూసేతందుకే సార్ ఖాళీగ ఇడిసిపెట్టిండు," అన్నాడు ఖాజా మియా.

ఆ పేరు తేకుండా ఉంటే నేను వినేవాణ్నేమో. "గుంజుతవా, ఇంకొకరిని పిలవాల్నా?" అన్నాను.

సబ్బునీళ్లు రాసి ఒక పూటంతా గుంజాడు. ఆ మధ్యాహ్నం ఆయన కుడి అరచేయి తెగింది. గుడ్డ చుట్టుకుని మళ్లీ గుంజాడు. చివరికి రెండు వైర్లూ పార్కింగ్ గోడలోంచి బయటికి వచ్చాయి. మూడడుగులు అదనంగా వదిలించి, రాగి మెరిసేలా చివర్లు గీయించి, చుట్టగా చుట్టి మేకుకు వేలాడదీశాను. వచ్చినవాళ్లు అడగాలి కదా.

ఎవరూ అడగలేదు. చుట్టాలు వచ్చినా, మార్కెట్ వాళ్లు వచ్చినా ఆ వైరు కింద నుంచే తల వంచుకుని పోయి, గోడ అవతల నేలలోంచి లేచిన ఖాళీ పైపు చుట్టూ నిలబడేవాళ్లు. దాంట్లో చూడ్డానికి ఏమీ లేదు. అయినా వంగి లోపలికి చూసేవాళ్లు.

"ఇల్లు కడుతున్నవా, గీత మొగనితోని కుస్తీ పడుతున్నవా?" అంది స్వరూప ఒకనాడు.

"నేనేం జేసిన?"

"ఏం జేయలే. గా వైరుకు దినాం బొట్టు పెట్టి దండమొక్కటే తక్కువ."

మే నెల పన్నెండు, ఆదివారం. తెల్లారితే పార్లమెంటు ఓట్లు. మేస్త్రీ దేవదాసు కూలివాళ్లంతా ఓటెయ్యడానికి ఊళ్లకు పోవాలి. పోతే మళ్లీ నాలుగైదు రోజుల దాకా రారు. అందుకని ప్రేమ్ కుమార్ వాళ్ల పార్కింగ్ కాంక్రీటు ఆ మధ్యాహ్నానికల్లా పోసెయ్యాలని దేవదాసు పట్టుబట్టాడు. ప్రేమ్ కుమార్‌కు పోలింగ్ డ్యూటీ, అచ్చంపేట దాటి ఎక్కడో అడవి అంచు ఊళ్లో. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"అన్న, జర మా దిక్కు కూడ ఒక కన్నేయుండ్రి. మీరుంటే నేనున్నట్టే."

ఖాజా మియాకు రాజోలిలో బంధువులింట నిఖా. పోయేముందు ఆ పైపు మూతి చూసుకున్నాడు. పోయబోయే కాంక్రీటుకు అది రెండు వేళ్ల ఎత్తునే ఉంటుంది. ఆ సైజుకు మూత బజారులో దొరకలేదట. తన పాత లుంగీ చింపి, నీలిగళ్ల ముక్కకు లోపలి దారం కొస ముడివేసి, మూతిలో గట్టిగా కుక్కాడు.

"సేటు, కాంక్రీటు పోసేటప్పుడు గీ మూతి మీద కన్నుండనియ్యి. సిమెంటు పాలు లోపలికి దిగినయంటే ఇగ అయిపోయినట్టే."

"పో ఖాజా భాయ్, నేనున్న గద," అన్నాను.

పదకొండు దాటాక పని జోరందుకుంది. నేను నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో టీ గ్లాసు. తట్టలు మోసే ఆడవాళ్లలో జోగులమ్మ అని ఒకామె ఉంది. ఆమె నెత్తి మీది చుట్టబట్ట జారి తడి కాంక్రీటులో పడిపోయింది. ఉత్త తల మీద తట్ట ఆగడం లేదు. అటూ ఇటూ చూసి, పైపులోంచి వేలాడుతున్న నీలిగళ్ల కొస పట్టుకుంది.

"సేటు, గీ బట్ట తీస్కుంటున్న. తట్ట నెత్తిన నిలుస్తలేదు."

నేను ఆమెనూ బట్టనూ చూశాను.

"తీస్కో," అన్నాను.

ఆమె దాన్ని లాగింది. దారం అడ్డం వస్తే ముడి విప్పి లోపలికి వదిలేసింది. బట్టను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని పోయింది. మరో రెండు తట్టలకు దేవదాసు చెక్కతో కాంక్రీటును ఆ మూలకు లాగాడు. బూడిదరంగు నీళ్లు పైపు అంచు దగ్గర కాసేపు నిలబడి, తర్వాత లోపలికి దిగాయి. నేను టీ తాగుతూ ఉన్నాను. అందులో చక్కెర ఎక్కువైంది. అది బాగా గుర్తుంది.

పని అయిపోయాక జోగులమ్మ బట్టను విసిరేసి చేతులు కడుక్కోవడానికి పోయింది. నేను లేచి, దాన్ని దులిపి, పైపు మూతిలో మళ్లీ కుక్కాను. అంచు మీది సిమెంటును బొటనవేలితో తుడిచాను.

పొద్దు వాలకముందే ఖాజా మియా వచ్చాడు. అత్తరు వాసన ఇంకా పోలేదు. తడి నేల అంచున కూర్చుని మెడ చాచి పైపు వైపు చూశాడు. నీలిగళ్లు కనిపించాయి.

"పోసేటప్పుడు మూతి జూసినవా సేటు?"

"చూసిన. మూసే ఉన్నది."

"నువ్వుంటే నాకు ఫికర్ లేదు," అని లేచి, నిఖాలో ఇచ్చిన మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి పోయాడు. జూన్‌లో మహబూబ్‌నగర్ నుంచి సరైన మూత తెచ్చి, ఆ బట్ట మీదే బిగించాడు.

శ్రావణంలో రెండిళ్లకూ ఒకే ముహూర్తం. పాలు పొంగాయి, ఆవు రెండిళ్లలోనూ తిరిగింది. భోజనాల ముందు అత్త పసుపు కుంకుమల పళ్లెం పట్టుకుని తలుపులకూ పొయ్యికీ మీటరుకూ బొట్లు పెడుతూ వచ్చింది. ప్రేమ్ కుమార్ వాళ్ల పార్కింగులో ఆగి, వంగి, ఆ పైపు మూతకు కూడా బొట్టు పెట్టింది. నలుగురు ఆడవాళ్లు ఆమె వెనక నిలబడి అక్షింతలు వేశారు.

"ఏందక్క ఇది?" అని ఎవరో అడిగారు.

"బాట," అంది అత్త.

నా పార్కింగులో మేకుకు వేలాడే రాగికి ఎవరూ బొట్టు పెట్టలేదు. లోపల సిమెంటు గట్టిపడి ఉన్న పైపుకు అక్షింతలు పడుతుంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. దానికి నా ఇంటికన్నా ఎక్కువ మర్యాద జరుగుతోందనే మండింది. ఆ వారంలోనే పోయి కరెంటు కారు బుక్ చేశాను. బాట వేసినవాడికన్నా ముందు బండి తెచ్చినవాడే పెద్ద అనిపించుకోవాలని.

వినాయక చవితికి నాలుగు రోజుల ముందు కారు వచ్చింది. తెల్లది. స్వరూప కొబ్బరికాయ కొట్టింది. గీత హారతిచ్చింది. ప్రేమ్ కుమార్ చుట్టూ తిరిగి చూసి, "సూపరన్న," అన్నాడు. ఆ రెండు గంటలు మాత్రం నేను గెలిచాను. తర్వాత ఛార్జింగు డబ్బా బిగించడానికి లక్ష్మణ్ అనే ఫిట్టరు వచ్చాడు.

మేకు మీది వైరు చూసి అతనికి ముచ్చటేసింది. "మస్తు లావుది ఏసిండ్రు గదన్న. ఎర్తేది?"

"లైటు ఎర్తు ఉన్నది."

"అది వద్దన్న. సొంత ఎర్తు గావాలె. లేకుంటే డబ్బా నడవది. కారే కరెంటు తీస్కోది."

"పైపుల ఇంకొకటి గుంజు."

అతను పైపులో వేలు పెట్టి చూశాడు. వేలు గోరు దాకే పోయింది. "దీంట్ల దారం గూడ వట్టదన్న. గోడ గోసి, గ్రానైటు లేపుతరా? లేకుంటే ముందర గోడ మీదికెల్లి కొత్త పైపు తెస్తరా?"

"ముందర గోడ మీద పైపా?" అంది స్వరూప లోపలి నుంచి. "రంగేసి నెల గాలే."

"ఖాళీ పైపు యాడన్న ఉంటే గంట పనన్న," అన్నాడు లక్ష్మణ్.

నడుమ గోడ మీద ప్రేమ్ కుమార్ తల కనిపించింది. అతను అంతా విన్నాడు.

"అన్న, మాది ఖాళీగనే ఉన్నది గద. మా మీటరు కాడికెల్లి గుంజుదాం. మీకోసం ఒక చిన్న మీటరు ఏరేగ పెట్టుకుందాం. బండి మా దగ్గరనే నిలుపుండ్రి. మాకెట్లనూ స్కూటరే."

"వద్దు తమ్మి. మీకెందుకు తక్లీఫ్."

"తక్లీఫేంది అల్లుడా?" అంది వాళ్ల వాకిట్లో చాట పట్టుకుని కూర్చున్న అత్త. "బాట గాడున్నది, బండి గీడున్నది. కలపనీకి నీకేంది బాధ?"

మరో మూడుసార్లు వద్దన్నాను. నేను వద్దన్నకొద్దీ ప్రేమ్ కుమార్ ఇంకా దయగా బలవంతం చేశాడు. చివరికి అతనే ఖాజా మియాకు ఫోన్ చేశాడు.

మర్నాడు పొద్దున ఖాజా మియా వచ్చి మూత విప్పాడు. నీలిగళ్ల బట్టను రెండు వేళ్లతో పైకి లాగాడు. దాని వెంట దారం రావాలి. రాలేదు. బట్టను తిరగేసి చూశాడు. మళ్లీ తిరగేసి చూశాడు.

"దారం కట్టిన గద నేను," అన్నాడు. అది మాతో అన్నది కాదు.

వెనక మూలకు పోయి మీటరు దగ్గరి కొస పట్టి లాగాడు. దారం బిగుసుకుంది. పైపుల్లో వైరు గుంజడానికి వాడే స్టీలు స్ప్రింగు తెచ్చి పార్కింగు వైపు నుంచి దింపాడు. రెండడుగులు పోయి ఆగింది. తీసి మళ్లీ దింపాడు. మళ్లీ అక్కడే. కొసను చూస్తే బూడిద పొడి అంటుకుని ఉంది.

"సిమెంటు," అన్నాడు లక్ష్మణ్.

ఖాజా మియా నేల మీద కూర్చుండిపోయాడు. బట్ట ఇంకా చేతిలోనే ఉంది.

"పోనీ ఖాజా భాయ్," అన్నాడు ప్రేమ్ కుమార్. "అయితయి గట్ల."

"కండ్లు మసకలొచ్చినయేమో," అంది అత్త. తిట్టినట్టు కాదు, జాలిగానే అంది. "వయసు గాలేదా మనకు."

"కండ్లు మంచిగనే ఉన్నయమ్మ. యాదే పోయింది." ఆయన బట్టను మోకాలి మీద పరిచి చేత్తో సాపు చేస్తున్నాడు. "ముడి ఏసినట్టే యాదికున్నది. గట్టిగ కుక్కినట్టు గూడ యాదికున్నది. ఏయకుండనే ఏసిన అనుకుంటున్నట్టున్న. నలభై ఏండ్లల ఎన్నడు గాలే గిట్ల."

"ఒక్కసారికి ఏమైతది?" అన్నాడు ప్రేమ్ కుమార్.

"ఒక్కసారి గాదు సార్. గిది పైపు గాబట్టి బతికిపోయినం. రేపు మెయిన్ బంద్ జేసిన అనుకోని జేయకుంటే? ఒక పానం పోతది. యాది లేనోడు కరెంటు ముట్టొద్దు." నడుముకు కట్టుకున్న తోలు సంచి విప్పి, టెస్టరునూ పట్టకారునూ అందులో పెట్టి, మూతి ముడి వేశాడు. "బస్. ఇగ సాలు."

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. నేను కోరుకున్నదంతా అక్కడ సిద్ధంగా ఉంది. ముందుచూపు గల సడ్డకుడి పైపు పనికిరానిదైంది. అత్త నోట బాట అన్న మాట ఇక రాదు. నన్ను ఎవరూ వేలెత్తి చూపరు. నోరు మూసుకుని ఉంటే ఒక్క పైసా నష్టం లేని బేరం. నా ముందు మాత్రం ఒక మనిషి, తన తలకాయ మీద తనే నమ్మకం వదిలేసుకుని, సంచి మూతి కడుతున్నాడు. నా వైరు గుంజి తెగిన అరచేతి మీద మచ్చ తెల్లగా కనిపిస్తోంది.

"ఖాజా భాయ్, నువ్వు ముడి ఏసినవ్," అన్నాను.

ఆయన తలెత్తాడు.

"బట్ట గూడ గట్టిగనే కుక్కినవ్. జోగులమ్మ తట్ట కిందికి గావాలని అడిగింది. నేనే తీస్కోమన్న. సిమెంటు దిగుతుంటే జూసుకుంట కూసున్న. పని అయినంక బట్ట నేనే మళ్ల పెట్టిన."

లక్ష్మణ్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. అత్త చాటలోని బియ్యం మీద చేయి ఆపింది. స్వరూప గోడ అవతల నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

"అంటే నేను మర్చిపోలే," అన్నాడు ఖాజా మియా.

"లేదు."

"నిజంగ?"

"నిజంగ."

ఆయన ముఖంలో ముందు కోపం కనిపించలేదు. పోయిన సొత్తు దొరికినవాడి ముఖమది. గట్టిగా ఊపిరి వదిలి, కళ్లు మూసుకుని, పెదవుల్లో ఏదో అనుకున్నాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను మార్కెట్లో కాయను చూసినట్టు.

"ఎందుకన్న?" అన్నాడు ప్రేమ్ కుమార్. అతను నవ్వకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. "మీకు గూడ ఒకటి ఏయమంటే, గదే దినం ఏసెటోళ్లం గద?"

గీత లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఖాజా మియా సంచి ముడి విప్పాడు. "పలుగు తెండ్రి," అన్నాడు.

పలుగు నేనే పట్టాను. మూడు జానల చదరం పగలగొట్టే సరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఖాజా మియా సిమెంటు నిండిన వంపు ముక్కను కోసి తీసి కొత్తది అతికాడు. దారానికి మూడు వైర్లు కట్టి వెనక మూల నుంచి గుంజితే, నెయ్యి రాసినట్టు జారుతూ వచ్చాయి. సాయంత్రానికి డబ్బా మీద పచ్చదీపం వెలిగింది. అంతసేపూ ఆయన నాతో పనికి కావలసిన మాట తప్ప మాట్లాడలేదు.

ఆ సీజన్ లెక్క ఇది. నా కారు ఇప్పుడు ప్రేమ్ కుమార్ పార్కింగులో నిలబడుతుంది. ముందు చక్రం సరిగ్గా ఆ కొత్త సిమెంటు అతుకు మీదికి వస్తుంది. అది మిగతా నేలతో రంగు కలవలేదు. గీత గేటు తీస్తుంది, పలకరించదు. అత్త ఇప్పుడు ఏ విషయమూ ఇద్దరల్లుళ్లలో ఎవరినీ అడగడం లేదు. బిడ్డలను అడుగుతోంది. ప్రేమ్ కుమార్ నన్ను అన్న అనే పిలుస్తాడు. ఊరికి పోయేటప్పుడు మాత్రం తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి పోతాడు. పది ఎం.ఎం. రాగి ఇంకా మేకుకే ఉంది. నల్లబడింది. స్వరూప దాని మీద తడి తువ్వాలు ఆరేస్తుంది.

ఖాజా మియా పని మానలేదు. నా గోదాముకు మాత్రం రావడం లేదు. దీపావళి అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన నంబరు నుంచి నా ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. కొత్తకోట దిక్కు ఎవరిదో కట్టుబడి ఇల్లు. నేలలోంచి లేచిన పైపు మూతి. అందులో కుక్కిన లుంగీ ముక్క. దానికి వేసిన ముడి స్పష్టంగా కనిపించేలా దగ్గరి నుంచి తీశాడు. కింద ఒక్క మాట లేదు. పది రోజులకు ఇంకోటి వచ్చింది, వేరే ఇల్లు, వేరే మూతి. ఇప్పుడు చాలామంది లేని బండికి పైపు వేయించుకుంటున్నారు.

దెప్పడానికి పంపుతున్నాడో, సాక్షి ఒకడుండాలని పంపుతున్నాడో నాకు తెలియదు. కాయ అయితే చెవి దగ్గర ఊపి చెప్పేవాణ్ని. ఫోటో వచ్చినప్పుడు కాటా దగ్గర ఎవరున్నా ఆగమంటాను. ఫోటోను పెద్దది చేసి, ముందు ముడి చూసి, తర్వాత బట్ట చూసి, "చూసిన" అని రాసి పంపుతాను. ఆయన ఏమీ రాయడు.

ఇప్పటికి పదకొండు వచ్చాయి. ఆ ఎండాకాలం పనికి నేను సంపాదించుకున్నవి అవే.